ఖాయమని పెట్టిన పేరు

పోయిన నెల ఒక పొద్దున దేవుని దగ్గర దీపం వెలిగిస్తుంటే ఫోను మోగింది. మా పుట్టినూరు బచ్చన్నపేట నుంచి మా చెల్లె.

"అక్కా, నర్సమ్మ ఇయ్యాల పిలువలే," అన్నది. నాకు అర్థమైంది. నిద్రలోనే పోయిందట.

నర్సమ్మ మాకు చుట్టం కాదు. మా ఎదురింట్లో కిరాయికి దిగిన సర్కారు నర్సు. చర్చికి పోయే మనిషి. మా ఇంట్లో ఆమె చెయ్యి పడకుండా ఎవరం పెరగలేదు. అయినా ఆమెను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది చెల్లె పేరే.

చెల్లె పుట్టేనాటికి నాకు పదేళ్లుంటాయి. నా తర్వాత ఇద్దరు తమ్ముళ్లు పుట్టి, నెల తిరగకముందే పోయారు. అందుకే తొట్టెల వేసి పేరు పెట్టేనాడు మా అవ్వ, నాయిన తల్లి, చాట తీసి పెట్టింది. పిల్లలు దక్కని ఇంట్లో పుట్టిన బిడ్డను చాటలో తీసుకుపోయి, పెంటకుప్ప మీద ఒక్కసారి పడుకోబెట్టి తెస్తారు. పెంటమ్మ అని పేరు పెడతారు. పనికిరానిదనుకొని చావు దాటిపోతుందని ఆశ. అమ్మ మాత్రం బిడ్డను ఒడిలోంచి దించలేదు.

"అవ్వా, జర ఆగు," అన్నది నర్సమ్మ. "పిల్లను దాచిపెట్టుడెందుకు? ఉన్నదని గట్టిగనే చెప్పుదాం. డిలిస్ అని పెట్టున్రి."

"గదేం పేరే? తినేదా, తాగేదా?"

వాకిట్లో ఆడవాళ్లంతా నవ్వారు. నర్సమ్మ కూడా నవ్వింది. తనకు నర్సు పని నేర్పిన పెద్ద మేడం పేరది అని చెప్పింది. ఆ మేడం ఇంగ్లండు పక్కనున్న వేల్స్ నుంచి వచ్చింది. వాళ్లకు ఇంగ్లీషు కాక సొంత భాష ఒకటుంది. డిలిస్ అంటే ఆ భాషలో నిజమైనది, అనుమానం లేనిది.

"మన మాటల చెప్పాల్నంటే, ఖాయం," అన్నది.

అమ్మ అప్పుడు తలెత్తింది. "ఖాయమా?" అని అడిగింది. పేరుకు అర్థం అడిగినట్టు లేదు ఆ అడగడం.

నర్సమ్మ కొంచెం ఆగి, "ఖాయమే," అన్నది.

అవ్వ చాట వదల్లేదు. నర్సమ్మ ఆమెను కాదనలేదు. ఉతికిన తెల్లగుడ్డ ఒకటి తెచ్చి చాటలో పరిచి, బిడ్డను తానే పడుకోబెట్టి అవ్వ చేతికిచ్చింది. "నీ భయం నీకుంటది గద, అవ్వా," అన్నది. అట్లా చెల్లెకు ఒకే పూట రెండు పేర్లు వచ్చాయి.

మర్నాడు నర్సమ్మ డ్యూటీకి పోతూ మా దర్వాజ ముందర ఆగింది. "డిలిస్ ఉన్నదా?"

"ఉన్నది," అన్నది అమ్మ.

ఆ మాట విని వెళ్లిపోయింది. అదే మొదలు. ఇక రోజూ అదే పిలుపు. చెల్లెకు మాటలొచ్చినంక తనే "ఉన్న!" అని అరిచేది. లోపలికి రమ్మంటే నర్సమ్మ వచ్చేది కాదు. "మా ఇంట్ల హాజరు తీసుకొమ్మని సర్కారోళ్లు జీతమిస్తున్నరా ఏంది?" అని అవ్వ ఎత్తిపొడిచేది. కానీ నర్సమ్మ ఆలస్యమైన రోజు గల్లీలోకి తొంగిచూసేది కూడా అవ్వే. పెంటమ్మ అని పిలవడం ఆమె ఎప్పుడు మానేసిందో మేమెవ్వరం గమనించలేదు.

నర్సమ్మకు మొగుళ్లపల్లికి బదిలీ అయినప్పుడు కూడా, సెలవుకు వస్తే బస్సు దిగి నేరుగా మా గడప ముందుకే. నౌకరీ అయిపోయినంక ఆ ఎదురింటినే కొనుక్కున్నది. అప్పటికి బచ్చన్నపేటలో మా పుట్టింట్లోనే ఉంటున్న చెల్లె అంగన్‌వాడీ టీచరు, ఇద్దరు పిల్లల తల్లి. "ఉన్న తల్లీ, ఉన్న! ఎటు పోత?" అని విసుక్కునేది. అయినా బదులు చెప్పని రోజు ఒక్కటీ లేదు.

ఎందుకమ్మా ఇన్నేళ్ల నుంచి ఈ పిలుపు, అని నర్సమ్మను ఒకసారి అడిగాను.

"ఆనాడు మీ అమ్మతోని ఖాయమే అన్న గని, నాకేం తెలుసు బిడ్డా? ఎంతమంది పసిపిల్లలు ఈ చేతులల్ల పోయిన్రో. ఇంటికొచ్చి ప్రార్థన చేసిన. చేసి ఊకుంటే ఎట్ల? పోయి చూసుకోవాలె గద."

నేను రోజూ దీపం పెడతాను. ఈ మాట విన్నాక, దీపం కొండెక్కేలోపు ఎవరో ఒకరి బాగోగులు కనుక్కోవడం అలవాటు చేసుకున్నాను.

ఆ పేరు మా ఇంటితో ఆగలేదు. ఆమె పనిచేసిన మొగుళ్లపల్లిలో, మహబూబాబాద్ దిక్కు తండాల్లో, పిల్లలు దక్కని తల్లులు అడిగి పెట్టించుకున్నారు. ఆ పేరు పెట్టుకున్నవాళ్లంతా బతకలేదు. నర్సమ్మ ఆ సంగతి దాచలేదు. ఆ తల్లుల దగ్గరికీ పోయి కూర్చొని వచ్చేది.

నర్సమ్మ పోవడానికి కొన్నాళ్ల ముందు చెల్లె బిడ్డ ఫోనులో వెతికి ఆమెకు చెప్పింది. అది మరీ పాత పేరేం కాదట. వాడుకలో ఉన్న మాటనే పేరుగా పెట్టుకున్నారట. ఒకప్పుడు అక్కడ బాగా నడిచిందట. "ఇప్పుడు పిల్లలకు పెడ్తలేరట అమ్మమ్మా, అంత ముసలోళ్లకే ఉన్నదట," అన్నది కొంచెం చిన్నబోయి.

నర్సమ్మ మొహం వెలిగిపోయింది. "అయితే ముసలోళ్లయ్యేదాంక బతికిన్రన్నట్టు," అన్నది.

నర్సమ్మను పూడ్చిననాడు సమాధి దగ్గర ఎవరో "డిలిస్, జర గా నీళ్ల బిందె అందుకో," అని పిలిచారు. తండా నుంచి వచ్చిన ఒకామె, మొగుళ్లపల్లి నుంచి చంటిబిడ్డతో వచ్చిన ఒక పిల్ల, మా చెల్లె, ముగ్గురూ ఒక్కసారే తిరిగారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఏడుపులోనే చిన్నగా నవ్వుకున్నారు. ముగ్గురూ కలిసే బిందె పట్టుకున్నారు.

ఆ రోజు నేను చెల్లె దగ్గరే ఉండిపోయాను. తెల్లారి తను వాకిలి ఊడుస్తున్నది. నేను అరుగు మీద కూర్చున్నాను. రోజూ పిలిచే వేళయింది. చీపురు ఆగింది. ఎదురింటి తలుపుకు తాళం ఉన్నది. చెల్లె నడుము ఎత్తి, కొంగుతో చేతులు తుడుచుకొని, గల్లీ అవతలికి వినపడేటంత గొంతుతో అన్నది.

"ఉన్న, నర్సమ్మా."

తర్వాత వంగి, ఎదురింటి వాకిలి కూడా ఊడ్చింది.