తండా పల్లీలకు రసీదు

2025 ఫిబ్రవరి 11, మంగళవారం, ఉదయం పదిన్నర దాటి ఐదు నిమిషాలు. జనగామలోని మా ఆఫీసులో అప్పుడే కంప్యూటర్ తెరిచాను. విదేశంలో ఉన్న మా దాత సంస్థ నుంచి ఆరు వాక్యాల ఉత్తరం వచ్చి ఉంది. ఈ గంట నుంచి గ్రాంటు నిలిపివేస్తున్నాం, బ్యాంకులో ఉన్నది ఖర్చు చేయవద్దు, మా డబ్బుతో కొన్న సరుకును మళ్లీ చెప్పేదాకా కదిలించవద్దు అని దాని సారాంశం. అక్కడి ప్రభుత్వం విదేశీ సాయాన్ని సమీక్షిస్తోందట.

నాకు అరవై ఎనిమిదేళ్లు. పిల్లల పోషకాహారం మీద పనిచేసే ఈ చిన్న సంస్థలో ముప్పై ఒక్క ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. బాగా చిక్కిపోయిన పిల్లలకు ఎనిమిది వారాల పాటు పొడి ఆహారం పెట్టించి కోలుకునేలా చూడటం మా పని. ఆ రోజుకు మా దగ్గర ముప్పై ఆరుగురు పిల్లలున్నారు. మహబూబాబాద్ జిల్లాలో నాలుగు తండాల్లో ఇరవై ఇద్దరు, భూపాలపల్లి జిల్లాలో కాళేశ్వరం దారిలోని అడవి పల్లెల్లో పద్నాలుగు మంది.

ఇటువంటి పనికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని చాలామంది అడుగుతారు. ప్రభుత్వం ఖర్చు అంగన్‌వాడీల ద్వారా జరుగుతుంది, అది మా చేతికి రాదు. మాకు వచ్చేవి మూడు రకాలు. మొదటిది విదేశీ గ్రాంటు. దానికి విడిగా బ్యాంకు ఖాతా ఉంటుంది, అందులో ఇక్కడి డబ్బు ఒక్క రూపాయి కలవకూడదు. ప్రతి రూపాయికీ ముందే ‘బడ్జెట్ లైన్’ ఉంటుంది, అంటే దేనికెంతో రాసిపెట్టి ఉంటుంది. పొడికి ఇచ్చింది పెట్రోలుకు వాడితే తప్పే. రెండోది కంపెనీల ‘సీఎస్ఆర్’, లాభాల్లోంచి సమాజానికి తీసి ఇచ్చే వాటా. గదులకు, తూకం యంత్రాలకు అది తేలిగ్గా దొరుకుతుంది. పిల్ల తినేసిన పొడి మీద ఎవరూ పేరు రాయించుకోలేరు కనుక దానికి దొరకదు. మూడోది ఊళ్లోవాళ్ల చందాలు. అన్నిటికన్నా చిన్న మొత్తం, కానీ ఏ అవసరానికైనా వాడుకోవచ్చు. మా పొడి మొత్తం మొదటిదాని మీదే నడిచేది.

పదకొండు కాకముందే తొర్రూరు నుంచి మా నర్సు సుజాత ఫోన్ చేసింది.

“మేడం, గోదాం తాళం తీసిన. ఆటో వచ్చి నిలబడ్డది. తండాల సంచులు ఎత్తమంటరా?”

“ఎత్తొద్దు. మళ్ల తాళం వెయ్యి.”

ఉత్తరం సంగతి చెప్పాను. తాళం వేసిన చప్పుడు ఫోనులో వినబడింది. తరువాత, “సంధ్యకు నిన్ననే అయిపోయింది మేడం,” అంది.

సంధ్యకు పద్నాలుగు నెలలు. తొర్రూరు దగ్గరి ఒక తండా పిల్ల. పిల్లల పై చేతికి చుట్టే రంగుల టేపు ఒకటి ఉంటుంది. పదకొండున్నర సెంటీమీటర్ల లోపు అయితే ఎరుపు, పన్నెండున్నర దాటితే పచ్చ, మధ్యది పసుపు. సంధ్య చెయ్యి పదకొండే. అప్పటికే ఒకసారి వరంగల్ దవాఖానలో ఉండి వచ్చింది. నాలుగు వారాలు మా పొడి పెట్టినా టేపు మీద గీత కదలలేదు. ఇంకోసారి విరేచనాలు పట్టుకుంటే తట్టుకోలేదని డాక్టరు ముందే చెప్పారు.

చందాల ఖాతా చూశాను. తండాల్లో ఎరుపులో ఉన్న ఆరుగురు పిల్లలకు పది రోజుల పొడి వస్తుంది. గోదాంలో నిండా సరుకు పెట్టుకుని, దాని పక్క వీధి మిల్లులో సుజాత చేత కొత్తగా కొనిపించాను. అది చూసిన మిల్లు యజమాని సుజాతతో, “మీ మేడంకు గోదాం తాళంచెవి పోయిందా ఏంది?” అన్నాడట.

ఆ పది రోజుల తరువాత ఏమిటన్నది మిగిలింది. మా డైరెక్టరు హైదరాబాద్‌లోని ఒక ట్రస్టును అడిగారు. వాళ్లు ‘మ్యాచింగ్ గ్రాంట్’ ఇస్తామన్నారు. అంటే ఊరు తన వాటాగా ఒక రూపాయి పెడితే వాళ్లు మూడు పెడతారు. ఊరు ఏమీ పెట్టకపోతే వాళ్లూ పెట్టరు. తండాలో రూపాయి ఎవరి దగ్గర అడగాలని నాకు నేనే విసుక్కున్నాను. అయినా 13వ తేదీ గురువారం పొద్దున జనగామలో బస్సెక్కి, తొర్రూరులో సుజాతను కలుపుకుని తండాకు వెళ్లాను.

మేం వెళ్లేసరికి సంధ్య నాయనమ్మ భూలి వాకిట్లో కూర్చుని ఉంది. ముందురోజు ఇచ్చిన పొడిని వేడినీళ్లలో కలిపి, నాలుగు గిన్నెల్లో సమానంగా పోస్తోంది. ఒకటి సంధ్యది. మిగతా మూడు సంధ్య అక్కవి, చిన్నాన్న పిల్లలిద్దరివి. ఆ ముగ్గురూ గట్టిగానే ఉన్నారు.

సుజాత గిన్నె లాక్కున్నంత పని చేసింది. “నాలుగు వారాల సంది గిట్లనే పంచుతున్నవా? గది మందు లెక్క, సంధ్య ఒక్కదానికే అని ఎన్నిసార్లు చెప్పిన!”

“చెప్పినవ్ తియ్యి. దాని ఒక్కదాని నోట్ల పెట్టి, గీ ముగ్గురిని గుడ్లు మిటకరించుకుంట కూసోమంటవా? మా తండాల గట్ల పెట్టం.”

“మరి పిల్ల ఎట్ల పెరుగుతది?”

“దాచిపెట్టి తినిపిస్తె దొంగతనం. పంచిపెడితె తప్పాయె. మీ సదువే ఓ తీరు సదువు బిడ్డా.”

నాకు లెక్క అర్థమైంది. ఒక బిడ్డకు ఒక పొట్లమని బడ్జెట్ లైన్‌లో ఉంది. బిడ్డ ఒంటరిగా కూర్చుని తింటుందని ఆ లైన్ రాసినవాళ్లు అనుకున్నారు. ఇక్కడ నలుగురు కూర్చుంటారు. సంధ్యకు అందింది పావు వంతు.

“భూలీ, నలుగురికి సరిపడ నేను తేలేను. పైసలిచ్చేటోళ్లు ఆపేసిండ్రు,” అన్నాను.

“నిన్ను ఎవరు అడిగిండ్రు అక్కా? ఇంట్ల పల్లీలు లేవా, బెల్లం లేదా? గీ నర్సు పోరే ముట్టనియ్యదాయె.”

సుజాత తెల్లబోయింది. పొడిలో ఇంటి తిండి కలపకూడదని, పొడి పెట్టే వేళకు పొయ్యి మీది తిండి ఇవ్వకూడదని ఆమె చెప్పిన మాట నిజమే. అది సంధ్య కోసం చెప్పింది. తండా మాత్రం ఆ వేళకు ఏ పిల్లకూ ఇంటి తిండి పెట్టకూడదని అనుకుంది. చలికాలం పండే యాసంగి పల్లీ అప్పుడే ఇంటికి వచ్చింది. మూలన సంచి నిండుగా ఉంది.

“కలపొద్దు. కానీ పక్కపక్కన పెట్టొచ్చు,” అన్నాను. “సంధ్య గిన్నెల పొడి. ఈ ముగ్గురి గిన్నెల దంచిన పల్లీ, బెల్లం. నలుగురూ ఒక్కసారే తినాలె.”

భూలి సుజాత వైపు చూసింది. “గీ ముక్క సంక్రాంతి ముందల్నే చెప్తె నీ సొమ్మేం పోయేది?”

భూలి అప్పటికప్పుడు నాలుగిళ్ల ఆడవాళ్లను పిలిచింది. బలహీనంగా ఉన్న పిల్లలున్నా లేకపోయినా ప్రతి ఇల్లూ వారానికి మానెడు పల్లీలు తేవాలని, తండా పిల్లలందరూ ఒక వాకిట్లో తినాలని ఆమే తేల్చేసింది. నాకు వెంటనే హైదరాబాద్ ట్రస్టు గుర్తొచ్చింది. రూపాయి అడగడానికి వచ్చాను కానీ, వాటా అంటే రూపాయే కానక్కర్లేదు.

తూకం కావాలి. మా దగ్గరున్నది పిల్లలను ఉయ్యాలలా వేసి తూచే వేలాడే కాటా. అందరూ తెచ్చి పోసిన పల్లీల సంచిని దాని గుడ్డ జోలెలో వేసి దూలానికి తగిలించాం. ఆడవాళ్లు పడి పడి నవ్వారు.

“మంచిగ చూడు అక్కా, పోయిన వారానికి బరువు పెరిగిందా లేదా?” అంది భూలి.

పదకొండు కిలోల రెండు వందల గ్రాములు. తొర్రూరులో ఆనాటి ధర కిలో అరవై రెండు. ఆరు వందల తొంభై నాలుగు రూపాయల నలభై పైసలకు తండా పేరు మీద రసీదు రాసి భూలి చేతికిచ్చాను. ఆమె దాన్ని మడిచి రవికెలో పెట్టుకుంది.

ట్రస్టు ఆఫీసులోని అబ్బాయి ఫోనులో ఇబ్బంది పడ్డాడు. “క్యాష్ అయితే ఈజీ మేడం. పల్లీలను మేమెట్లా చూపించాలి?”

“తూకం ఉంది, మార్కెట్ ధర చీటీ ఉంది, తెచ్చినవాళ్ల సంతకాలున్నాయి. ఇంకేం కావాలో చెప్పు బాబూ, తెస్తాను.”

పై వాళ్లను అడిగి చెబుతానన్నాడు. మిగతా మూడు తండాల్లోనూ అలాగే తూచి పంపించాం. చందాల పొడి ఇంకొక్క రోజుకే ఉందనగా, ఫిబ్రవరి 20 సాయంత్రం ట్రస్టు మొదటి మొత్తం బ్యాంకులో పడింది. ఆ మెసేజీని మూడుసార్లు చదివి, టీ చెప్పి, వేడి వేడిగా తాగాను. అంతకుముందు తొమ్మిది రోజులూ చల్లారిన టీయే తాగాను.

మార్చి మూడో వారంలో సంధ్య టేపు పసుపులోకి వచ్చింది. ఏప్రిల్ 22, మంగళవారం మధ్యాహ్నం సుజాత ఫోన్ చేసింది. “మేడం, పన్నెండు పాయింటు ఆరు! పచ్చ!” వెనక నుంచి భూలి గొంతు వినబడింది: “మేడంకు చెప్పు, గీసారి జోలెల పిల్లనే ఉన్నదని.” తండాల్లోని ఇరవై ఇద్దరూ మే నెలాఖరుకు కోలుకున్నారు. సుజాత ఫోన్ చేసిన రాత్రి చాలా రోజుల తరువాత కంటినిండా నిద్రపోయాను.

ముప్పై ఒక్క ఏళ్లు తండా పేరును ‘లబ్ధిదారులు’ అన్న వరుసలోనే రాశాను. ఇప్పుడు దాతల వరుసలో కూడా రాస్తున్నాను. ఎక్కడి డబ్బయినా ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. అందుకే ఏ గ్రాంటు కాగితం మీద సంతకం పెట్టేముందైనా, ఆ ఇంట్లో ఇప్పటికే ఏముందో, ఎంతమంది కలిసి తింటారో అడగమని కొత్తగా చేరినవాళ్లకు చెబుతున్నాను. అయితే పల్లీలు అన్నిటినీ కాపాడలేదు. భూపాలపల్లి జీపు, దాని డ్రైవరు, అక్కడి నర్సుల జీతాలు అన్నీ విదేశీ గ్రాంటులోనివే. అడవి పల్లెలకు మళ్లీ వెళ్లగలిగింది జూలై 1న.

పోయినవి ఇవి. గోదాంలోనే గడువు దాటి పారబోసిన పొడి, మూడు వందల పది కిలోలు. తిరిగి అప్పగించిన జీపు, ఒకటి. ఉద్యోగాలు, మూడు. అడవి పల్లెల్లో పిల్లలను తూచని వారాలు, ఇరవై. ఆ పద్నాలుగు మందిలో పదమూడు మంది దొరికారు. మిర్చి ఏరడానికి వెళ్లిన తల్లిదండ్రులతో పోయి, ఇప్పటికీ జాడ తెలియని పిల్లవాడు, ఒకడు.