కోత పండుగలో అర్పించిన ఇనుప తొడుగు

ఎబినేజర్, వయస్సు యాభై రెండు, వెల్డింగు పనివాడు; ఖానాపురం హవేలి ఊరివారు పదునెనిమిదేళ్ళుగా ఎరిగిన మనిషి. దుకాణానికి ఎవరు వచ్చినా మొదట వారి చేతులు చూస్తాడు, ఆ పిమ్మటనే ముఖం. గడ్డి కత్తిరించే మిషనులో భార్య స్తుతి వేళ్ళు తెగిన నాటి నుండి అతనికి ఈ అలవాటు. చెయ్యి లోపలికి పోకుండా ఆపే ఇనుప తొడుగును ఆ యేడే తయారుచేసి, తొలి ఫలం దేవునిదని కోత పండుగ నాడు చర్చిలో అర్పించాడు. అర్పణలను పాడే వేలంలో దానిని మోతుబరి చెంచురామయ్య గారు పాడుకున్నారు. కొన్నేళ్ళకు ఒక కంపెనీ అటువంటి తొడుగుకే పేటెంటు పొంది, ఇక చేయరాదని అతనికి నోటీసు పంపింది. నాటి నుండి తొడుగు కోసం వచ్చే అడవి పల్లెల వారిని అతడు ఉత్త చేతులతో తిప్పి పంపుతున్నాడు. అట్లా వెళ్ళిన ఒక బాలింత మొన్న మిషనులో కుడిచెయ్యి పోగొట్టుకున్నది.

పేటెంట్ల సమాచారాన్ని ఉచితంగా విప్పిచెప్పే స్వచ్ఛంద సంస్థ ఒకటి ఖమ్మంలో ఉన్నది. అందులో పనిచేసే ఫ్లోరెన్స్ ఎబినేజర్ చెప్పినదంతా విని, "అన్నా, వాళ్ళు దరఖాస్తు పెట్టకముందే నువ్వు నలుగుట్ల చూపెట్టినవ్ గదా! సాక్షి దొరికితే ఆ పేటెంటు నిలవదు. ఎవ్వరన్న చేస్కోవచ్చు," అన్నది.

"పాడుకున్నాయన్నే అడిగిన చెల్లె. ఆయనిప్పుడు ఆ కంపెనీ డీలరు. 'దేవుడికిచ్చింది మళ్ళీ అడుగుతావేంట్రా' అని నవ్విండు. చూసినోళ్ళంత ఆయన కౌలుదార్లే."

కావున ఆనాటి వేలంలో ఉన్న సంఘస్థులలో ఏ ఒక్కరైనను ముందుకు వచ్చి, తాము చూచినది సంతకముతో ఆ సంస్థకు తెలుపవలసినదిగా ఎబినేజర్ తరఫున సవినయంగా ప్రార్థించడమైనది.