శివారు వంతు

వుడ్‌ల్యాండ్స్‌లో మా ఫ్లాట్‌కు దగ్గర్లోనే, పక్క దేశానికి సముద్రం మీదుగా వేసిన కాజ్‌వే రోడ్డు పక్కన, అవతలి దేశపు నది నీళ్ళు తెచ్చే లావుపాటి గొట్టాలుండేవి. రెండు దేశాలు రాసుకున్న మాట ప్రకారం నీళ్ళొచ్చేవి. మన దేశంలో మా రెండు కుటుంబాలకు మాత్రం ఒక్క పంటకాలువ దగ్గర మాట కుదరలేదు.

నేనూ మా ఆయనా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వచ్చి కాపురం పెట్టిన కొత్తలు. అత్తవారిది కాలువ ఎగువన, చేపల చెరువులు. పుట్టింటిది అదే కాలువ చివర, శివారున, వరి. ఆ ఏడు నదిలో నీళ్ళు తగ్గి దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీటి వంతులు పెట్టారు. తీరా శివారు వంతు వచ్చేసరికి మావయ్యగారు తూము ఎత్తించి చెరువులు నింపుకుంటున్నారని అమ్మ ఫోన్ చేసింది. చేలు పొట్ట మీదున్నాయి. ఈ తడి తప్పితే గింజ పట్టదు.

"నాన్న అడగొచ్చుగా?" అన్నాను.

"పిల్లనిచ్చిన చోట నీళ్ళడుగుతారటే? ఊరంతా మీదపడి చెప్పమంటున్నా నోరు విప్పట్లేదు."

మా ఆయన తను చెప్తానన్నారు. ఆయన చెప్తానన్నారంటే చెప్పరని అర్థం. మర్నాడు అడిగితే మీటింగన్నారు. ఆ మర్నాడు, "నాన్న మూడ్ చూసి చెప్పాలి" అన్నారు. మావయ్యగారి మూడ్ కోసం వరి ఆగుతుందా? నాకు ఒళ్ళు మండింది. లిటిల్ ఇండియా బజారులో కొన్న ఫోన్ కార్డు గీకి నేనే చేశాను.

"మావయ్యగారూ, ఇప్పుడు వంతు శివారుది. తూము దింపించండి."

కార్డులో నిమిషాలు కరిగిపోతున్నాయి. మా ఆయన వంటగది గుమ్మంలో బిగుసుకుని నిలబడ్డారు.

"మీ నాన్న అడగమన్నాడా?"

"లేదండీ. ఆయనకు తెలియను కూడా తెలియదు."

"చేపలు నీళ్ళు చాలక పైకి తేలుతున్నాయమ్మా. నా గతేంటి?"

"మీ వంతులో నింపుకోండి. ఇది మీది కాదు."

లైన్ తెగింది. ఆయనే పెట్టేశారో, కార్డు అయిపోయిందో తెలియలేదు. మా ఆయన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

మర్నాడు నాన్నే ఫోన్ చేశారు. ఎప్పుడూ తనంతట తాను చేసే మనిషి కాదు. "నీళ్ళొచ్చాయమ్మా. ఆఖరి మడి దాకా తడిసింది."

సోఫాలో కూలబడి ఏడ్చేశాను. నాన్న గొంతులో మాత్రం సంతోషం లేదు.

"కోడలు అడిగితే కాదనలేక వదిలానని మీ మావగారు లాకుల దగ్గర అందరికీ చెప్పారంట. మనోళ్ళు వెళ్ళి ఆయనకి దణ్ణాలు పెట్టొస్తున్నారు. రేపు నన్నూ రమ్మంటున్నారు."

"దణ్ణం ఎందుకు నాన్నా? అది మన వంతేగా?"

"వంతేనమ్మా," అన్నారు నాన్న. "అయినా వెళ్తాను. నువ్వు ఆ ఇంట్లో కాపురం చెయ్యాలి కదా."