పాయింట్ వన్ ఫైవ్ కిషన్‌రావు సార్

ఉప్పు తగిలిన ప్రతిదానికీ మోలారిటీ కట్టకపోతే మా కిషన్‌రావు సార్‌కు తోచదు. మోలారిటీ అనగానే గాభరా పడకండి. యాభై ఎనిమిదిన్నర గ్రాముల ఉప్పు కరిగి, అంతా కలిపి సరిగ్గా లీటరు అయితే అది ఒక మోలార్. అంతే. ఆవకాయను చూస్తే మనకు నోరూరుతుంది, ఆయనకు లెక్క మొదలవుతుంది.

డెబ్బై ఆరులో పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఆయన పెద్ద కెమిస్టు, నేను కొత్త అసిస్టెంటును. మొదటిరోజే ఒక మోలార్ ఉప్పునీళ్లు చేయమన్నారు. లీటరు నీళ్లు కొలిచి, ఉప్పు తూచి అందులో పోశాను. ఆయన తల పట్టుకున్నారు.

"ఏంది వెంకటేశం గిది? నీళ్లే లీటరు పోస్తివి. ఇగ ఉప్పుకు జాగేది?"

"కరిగిపోతది గద సార్!"

"కరిగితే మాయమైతదా? ముందు జెరన్ని నీళ్లల్ల కరిగియ్యి, తర్వాత ఫ్లాస్కు మీది గీత దాక నింపు. నీళ్లు గాదు, మొత్తం లీటరు గావాలె. ఉప్పుకు జాగియ్యాలె!"

ఆ మాట ఆరు నెలలపాటు రోజూ విన్నాను. ఇప్పటికీ కలలో వస్తుంది.

బాయిలర్ దగ్గర యాదన్న చెమట తుడుచుకోబోతే ఆపేవారు. "ఆగు యాదన్నా, తుడవకు. పాయింట్ జీరో ఫైవ్ ఉంటది."

"గంతేనా సార్? గింత కష్టపడితే!" అని యాదన్న నొచ్చుకునేవాడు.

అన్నిటికన్నా పెద్ద తమాషా క్యాంటీన్‌లో. పదకొండు కొట్టగానే సార్ గాజు ఫ్లాస్కు పట్టుకుని వంట మనిషి దేవమ్మ దగ్గరికి వెళ్లేవారు. రెండు చెంచాల పప్పు తెచ్చి, నీళ్లు కలిపి, వడగట్టి, పసుపుపచ్చ క్రోమేటు చుక్కేసి, ఉప్పును పట్టిచ్చే వెండి మందు సిల్వర్ నైట్రేట్ బొట్లుబొట్లుగా వదిలేవారు. ఇటుక రంగు తేలగానే కిటికీలోంచి కేక.

"దేవమ్మా, పాయింట్ వన్ వన్! ఇంకో అర గ్లాసు ఉప్పెయ్యి!"

"అట్లనే సారూ!"

పప్పుకు పాయింట్ వన్ ఫైవ్ అని ఆయన శాసనం. "మన నెత్తురుల గూడ దేవుడు గంతే కలిపిండు" అనేవారు. వెండి కరిగించి పప్పు పరీక్షించే పిచ్చోడు మా ఫ్యాక్టరీలోనే ఉన్నాడని నేను పక్కూరు ఇస్నాపూర్ దాకా ప్రచారం చేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంతలో రాజేశ్వర్ అనే కొత్త ఆఫీసరు వచ్చాడు. రెండేళ్ల కింద జ్వరమొచ్చి దేవమ్మ నోటికి రుచి పోయిందని ఎవరో అతని చెవిలో వేశారు.

"రుచి తెల్వని మనిషికి వంటింట్ల ఏం పని? బుధవారం నా ముందట వండాలె. ల్యాబోళ్లు దగ్గరికి రావొద్దు. కుదరకపోతే ఆ దినమే పని బంద్!"

ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఒంటరిగా ఉండే దేవమ్మకు ఆ పని తప్ప ఇంకో ఆధారం లేదు.

బుధవారం రాజేశ్వర్ దేవమ్మ చేతికి కొలత అలవాటైన పాత గిన్నె కూడా దాచేసి, కొత్త పెద్ద గిన్నె ఇచ్చాడు. సార్ ల్యాబ్ కిటికీకి అతుక్కుపోయారు. ఆ కంగారులో రెండు గాజు పిపెట్లు విరగ్గొట్టారు. పప్పు ఉడికింది. దేవమ్మ కదలకుండా గిన్నెలోకే చూస్తోంది.

"ఏం సూస్తున్నవ్? రెండు బకెట్ల నీళ్లు పోస్తివి, ఆ లెక్కన ఉప్పెయ్యి!" అన్నాడు రాజేశ్వర్.

"నీళ్ల లెక్క గాదు సారూ" అంది దేవమ్మ నెమ్మదిగా. "కందిపప్పున్నది, చింతపండు పులుసున్నది. వాటికి జాగ ఉండదా? ఉడికినంక మొత్తం కొల్వాలె."

కిటికీ దగ్గర సార్ గాల్లోకి ఎగిరారు. నిజంగానే, ఒక చెప్పు ఊడింది.

దేవమ్మ పప్పంతా బకెట్‌తో కొలిచి ఇంకో గిన్నెలో పోసింది. రెండున్నర బకెట్లు. రెండేళ్లుగా సార్ కేకలు విని పట్టుకున్న లెక్కతో, బకెట్‌కు గ్లాసు చొప్పున రెండున్నర గ్లాసుల ఉప్పు వేసి, కలిపి, రుచి చూడకుండానే గరిటె పక్కన పెట్టింది. రాజేశ్వర్ ఒక ముద్ద తిన్నాడు. ఇంకొంచెం వేయమన్నాడు. మూడోసారి అడగకుండా తానే వడ్డించుకున్నాడు.

"నీ పని నీదే దేవమ్మా" అన్నాడు పళ్లెం ఊడ్చుకుంటూ.

వందమంది పళ్లాలు వాయించారు. నేను పరుగున వెళ్లి పరీక్ష చేశాను. పాయింట్ వన్ ఫైవ్! సార్ ఇటుక రంగు ఫ్లాస్కును కప్పు గెలిచినవాడిలా ఎత్తి షెడ్డు చుట్టూ తిరిగారు, ఒంటి చెప్పుతో.

గిన్నెలు తోముతూ దేవమ్మ నాతో అసలు సంగతి చెప్పింది. "జ్వరం తగ్గినంక మొదటి దినం పప్పు ఉప్పు కషాయమైంది బిడ్డా. సారు ఒక్కమాట అనకుండ తిన్నడు. తెల్లారి గా సీసతోని వచ్చిండు."

"అంతకుముందు ఎవరి ఉప్పూ కొలువలేదా?"

"యాడిది? నా ఒక్కదాని పప్పే కొలిస్తే అనుమానమొస్తదని, ఊరందరి ఉప్పు కొలువవట్టె."

ఆయన మీద నవ్విన నవ్వులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

ఆ సాయంత్రం విజయోత్సవమని సార్ నన్ను సంగారెడ్డిలోని తమ ఇంటికి భోజనానికి తీసుకెళ్లారు. ఆయన భార్య సావిత్రమ్మ గారు వంకాయ కూర వడ్డించారు. మొదటి ముద్దకే నా కళ్లలో నీళ్లు తిరిగాయి, అంత ఉప్పు. ఇప్పుడొస్తుంది లెక్క అని సార్ వైపు చూశాను.

"శాన బాగున్నది, ఇంకొంచెం వెయ్యి" అన్నారాయన.

ఆమె మురిసిపోతూ వేసి, నీళ్ల కోసం లోపలికి వెళ్లారు. సార్ నా చెవి దగ్గరికి వంగారు.

"పాయింట్ ఫోర్ ఉంటది. బయట చెప్పకు."