సోడా అక్షరాల బొంత

మొన్న భూపాలపల్లిల మా బిడ్డ క్వార్టర్ల కూసోని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, మనుమరాలు ఫోను తెచ్చి కండ్ల ముంగట పెట్టింది. ఎవరో బొంతల మీద పెద్ద పెద్ద అక్షరాలు, బొమ్మలు కుట్టి గోడకు తగిలేసిండ్రు. "కప్పుకోరానే?" అన్న. "కప్పుకోరు అమ్మమ్మా, ఊకె సూస్తరు" అన్నది. బొంతను సూసుడేందని నవ్వొచ్చింది. నవ్వినంక చేతులు గుంజినట్టయినయి. గసొంటి బొంత ఒకటి మా జనగామ ఇంట్ల మేం కుట్టినం. కుట్టీ కుట్టీ సొమ్మసిల్లినం.

అరవై తొమ్మిది గొడవల కాలమది. బడులు బందు, బస్సులు బందు. మా మరిది దుకాణాలకు బోర్డులు రాసేటోడు. ఆయన అక్షరం రాస్తే కుండ మీద సున్నం గీత లెక్క గుండ్రంగ తిరిగేది. ఒకనాడు నిచ్చెన ఎక్కి గోడ మీద తెలంగాణ అని రాస్తుంటే, కింద జనం ఒక్కపెట్టున ఉరికొచ్చిండ్రు. నిచ్చెన పక్కకు వంగింది, ఆయన కుడిచెయ్యి మీద పడ్డడు. కట్టు కట్టిచ్చినం గని మణికట్టు వంకరగ అతికింది. కుంచె పడితే జారిపోయేది. మొదట్ల సోపతిగాండ్లు వచ్చి పలకరిచ్చిపోయిండ్రు, తర్వాత వాళ్లూ బందయిండ్రు. ఆయన మంచంల గోడ దిక్కు మొకం పెట్టి పండేటోడు. బువ్వ పెడితే "ఆకలైతలేదు వదినె" అనేటోడు. కొడుకు గట్లనే ఎండిపోతడని మా అత్త బుగులు.

మా అత్తకు అక్షరం ముక్క రాదు. గని బొంత కుడితే వాడకట్టంత వచ్చి సూసేది. పాత రైక గుడ్డలతోని చిలుకలు, మామిడి పిందెలు కోసి పైన అతికేది. ఒకనాడు రెండు పాత చీరెలు పరిచి, నడుమ మా మామ ధోతి ముక్క పెట్టి, కొడుకు ఎడమ చేతిల బొగ్గు పెట్టింది.

"రాయి కొడుకా."

"ఏం రాయాలె?"

"ఏదన్న రాయి. సూస్తే నీ చెయ్యి అని తెల్వాలె."

ఆయన కోపంల బట్ట నట్టనడుమ ఇంత పొడుగు గీకిండు. నేను రెండో తరగతి దాక పోయినదాన్ని, కూడబలుక్కుంట సదివిన: ఇచ్చట చల్లని సోడా దొరుకును. నాకు నవ్వాగలే. "ఏం రాసిండే?" అన్నది అత్త. చెప్పిన. "మంచిదే, దొరకనియ్యి" అన్నది.

ఎర్ర రైక గుడ్డను గా అక్షరాల తీరుగ కోసుడు నా పని. గీతలు వణికి ఉన్నయి గద, నేను జర సక్కగ చేద్దామని కత్తెర తిప్పిన. అత్త నా చెయ్యి మీద ఒక్కటి సరిసింది. "వంకరను వంకర లెక్కనే కొయ్యి. వాని చెయ్యి గది."

బొంతను అంచు కాడ మొదలు పెట్టి, సుట్టు తిరుగుకుంట నడిమికి రావుడు మా దిక్కు పద్ధతి. గట్లనే కుట్టుకచ్చినం. పొద్దంత కోతలకు పోయి నడుములు విరిగి వచ్చుడు, మళ్ల సూది పట్టుడు. తీరా నడిమికి వచ్చేటాలకు వదులు బట్టంత అక్షరాల కిందికి చేరి పూరీ లెక్క ఉబ్బింది. సోడా ముడతల్ల పడి ఏం కనపడలే. మరిది సూసి, "నా చేతిల పడ్డదేదీ సక్కగ కాదవ్వా" అని మళ్ల గోడ దిక్కు తిరిగిండు. అత్త దారం గుంజుడు మొదలు పెట్టింది. కుట్టిందంత ఇప్పినం. నాకైతే ఏడుపొచ్చింది.

గీసారి అక్షరాల కాడికెళ్లే కుట్టు షురు చేసింది. నీళ్లల్ల రాయేస్తే సుట్లు పోయినట్టు, ఒక్కో అక్షరం సుట్టు కుట్టు తిరిగి తిరిగి అంచు దిక్కు నడిచింది. పక్కింటామె వచ్చి, "నడుమ మొదలు పెట్టే బొంత ఏడనన్న ఉన్నదా అక్కా?" అని ఎక్కిరిచ్చింది. "గీడ ఉన్నది. జర సోడా తాగిపో" అన్నది అత్త. మంచంల పండినోడు కిసుక్కున నవ్విండు. ఎన్ని నెలలకో విన్నం గా నవ్వు.

వానలు పడ్డంక అత్తకు కండ్లు మసకైనయి. ఒక మాపటీలి బట్ట బిగవట్టుకోని నేను కూసున్నకాడనే కునికిన. మెలకువొచ్చి సూస్తే మరిది కింద కూసున్నడు. వంకర మణికట్టును బట్ట మీద బరువు లెక్క పెట్టి, ఎడమ చేత్తోని సూది దింపుతున్నడు. అత్త బట్ట మీదికి వంగి సూసింది.

"కుట్లు పెద్దగ పడుతున్నయి కొడుకా."

"బోర్డులు రాసేటోన్ని అవ్వా. దూరంకెళ్లి కనపడాలె గద."

అత్త నీళ్లు తెస్తనని వాకిట్లకు పోయింది. శానసేపటి దాక రాలే. గా రాత్రి మరిది అడిగి రెండోసారి బువ్వ పెట్టిచ్చుకున్నడు.

తర్వాత ఆయన మహబూబాబాదుల ఎడమ చేత్తోనే బోర్డులు రాసి బతికిండు. అక్షరాలు ఒక దిక్కు ఒరిగి ఉండేటియి, మునుపటి గుండ్రం మళ్ల రాలే. అత్త పోయేదాక గా బొంతనే కప్పుకున్నది. ఉతికి ఉతికి ఎరుపంత వెలిసింది. గా రోజులల్ల నవ్వింది యాదికున్నది, ఏడ్చింది యాదికున్నది. అలసట ఎన్నడు తీరిందో మాత్రం యాదికి లేదు. తీరకముందే ఇంకో కాలం వచ్చి మీద పడ్డది.