తడవని భూమి

మామ పోయిండని అత్తమ్మ ఫోన్ చేసినప్పుడు నేను బీదర్ల మా ఇంట్ల కంప్యూటర్ ముందట కూసుని, రోబో బొమ్మ నీడ సక్కగ పడుతాందా లేదా అని చూస్తున్న. పొద్దున చాయ్ తాగి చేన్లకు పోయిండంట, గట్టు మీద కూసున్నోడు మళ్ల లేవలేదంట. మామ ఊరు సంతపూర్ బస్సెక్కిన గానీ దారి పొడుగున ఏడుపు రాలేదు. ఆయనకు నేనొక అబద్ధం చెప్పి ఉంటి. అదే నెత్తిల తిరుగుతుండె.

మామ అంటే మా అమ్మ తమ్ముడు, రైతు. నా పని కూడ మీకు జర చెప్పాలె. రోబోలు నడిపేటందుకు అందరు ఫ్రీగ వాడుకునే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఒకటున్నది. దాంట్ల సిమ్యులేషన్ భాగం నేను చూస్త. అంటే రోబో బండిని నిజం చేన్ల దింపకముందు కంప్యూటర్ లోపటి చేన్ల నడిపించి చూసుకునుడు. ఊర్ల ఎవరికి చెప్పినా నవ్విన్రు. మామ నవ్వలె. ఒక్కటే అడిగిండు: "నీ కంప్యూటర్ల భూమి ఎప్పుడన్న తడుస్తదా బిడ్డా?"

తడవదు. నేను ఎండకాలం పోయి, ఆయన చేన్ల చక్రం ఎంత జారుతదో కొలుసుకొచ్చిన. నల్లరేగడి అప్పుడు బండరాయి లెక్క ఉంటది. ఆ ఒక్క కొలతనే ఏడాది మొత్తానికి పెట్టిన.

మామకు మన్ను పిడికిట్ల పట్టి పిసికి, ముద్ద చేసి, కిందికి ఇడిసి చూసే అలవాటు. పగిలితే పదునున్నట్టు, అంటే తడి సరిపోను ఉన్నట్టు, కలుపుకు గుంటుక తోలొచ్చు. పగలకపోతే ఇంక రెండు దినాలు ఆగాలె. ఆఖరికి బస్టాండ్ల పూలకుండి కనపడ్డా దాంట్ల ఏళ్లు పెట్టేటోడు. ఆ చేతులతోటే రొట్టె ముడతడని అత్తమ్మ తిట్టేది. నిన్నటి భూమి ఇయ్యాల ఉండదు అనేటోడు. నేను పట్టించుకోలె.

పోయినేడు మొదటి వానలు పడ్డంక, పక్క చేనాయన కంది సాళ్లల్ల మా కలుపు తీసే చిన్న బండిని దింపినం. కంప్యూటర్ల ఎన్నిసార్లు నడిపినా సాలు తప్పలె. నిజం చేన్ల మన్ను చక్రాలకు పట్టి, పక్కకు జారి, మూడు సాళ్ల మొలకలు పెకిలించింది. ఆయన కన్నడల మస్తు గరమైండు. మామ అడ్డమొచ్చి, "పదును చూడకుండ దింపమన్నది నేనే, తప్పు నాది" అన్నడు. ఆయన తప్పు ఎక్కడిది? రెండు దినాలు ఆగమన్నడు మామ. ఇననిది నేను. నా తప్పు ఆయన నెత్తినేసుకుంటుంటే సప్పుడు చేయక నిలబడ్డ. ఇయ్యాల్టికి సిగ్గైతది.

అప్పటిసంది వాన పడ్డప్పుడల్ల ఫోన్ చేసేటోడు, వచ్చి కొలుసుకో అని. నేను ఇగ వస్త, అగ వస్త అంటుంటి. లైబ్రరీ వాడేటోళ్లకు బొమ్మ అందంగ కావాలె, జల్ది నడవాలె. నీడలు దిద్దితే శాబాష్ అన్నరు, బురద సంగతి ఎవరడిగిన్రు? ఆఖరిసారి ఫోన్ల మామ, భూమి దిద్దినవా బిడ్డా అంటే, దిద్దిన మామా అన్న. అయితే పక్క చేనాయనకు చెప్పొస్త అని సంబురపడ్డడు. పోయి చెప్పిండు కూడ.

మామ దినాలకు ఆ పక్క చేనాయన వచ్చిండు. బండి సక్కగైందంట గదా, ఈసారి మళ్ల దింపుదాం అన్నడు. కాలేదన్నా, ఆనాటి తప్పు కూడ నాదే, మామది కాదు అని చెప్పిన. ఆయన లేచి బయటికి పోయి చెప్పులేసుకున్నడు.

నాలుగొద్దులకు వాన పడ్డది. నేను అక్కడనే ఉండి రోజు పొద్దున చేన్లకు పోయి కొలిసిన. తడిసినప్పుడు ఎంత జారుతది, ఆరుకుంట ఆరుకుంట ఎంత, మన్ను పట్టినంక చక్రం ఎంత బరువైతది. ముద్ద చేసి ఇడిసిన కూడ. సగం పగిలింది. దాన్ని పదును అంటరా అనరా నాకు సమజ్ కాలె, అడుగుదామంటే మనిషి లేడు. ఉన్నకాడికి సిమ్యులేషన్ల రాసిన. రాసి నడిపితే, ఇన్నొద్దులు కంప్యూటర్ల బండి పాసైన పరీక్షలన్నీ ఒక్కపెట్టున ఫెయిలైనయి.

అత్తమ్మకు చూపిచ్చిన. తెర మీద నల్లచేను, దాంట్ల దిగబడ్డ బండి. బాగైందా అని అడిగింది. బాగైంది అత్తమ్మా, నిజం చేన్ల లెక్కనే దిగబడుతాంది అన్న. ఆమె తెర మీది చక్రం మీద ఏలు పెట్టింది.

"మీ మామ ఉంటే దోతి ఎగ్గట్టి దిగి నూకేటోడు" అన్నది.

తెర మీది ఆ చేన్ల నేను మనిషిని పెట్టలేదు. చక్రాలు ఉన్నకాడనే తిరుగుతున్నయి.