నేను దాటేసిన రెండు వాక్యాలు

సౌదీలోని అల్ ఖర్జ్‌లో ఒక పాల ఫారంలో నేను స్టోర్ క్లర్కుని. మెస్ పక్కనున్న చిన్న గది తాళం కూడా నా దగ్గరే ఉండేది. దాన్ని మేం లైబ్రరీ అనేవాళ్లం. ఎగ్జిట్ వీసా మీద పూర్తిగా ఊరికి వెళ్లిపోయేవాళ్లు లగేజీ బరువు తగ్గించుకోవడానికి వదిలేసిన పుస్తకాలే అందులో ఉన్నవన్నీ. ఆవుల గిట్టల జబ్బులు, కోల్డ్ స్టోరేజీ యంత్రాల రిపేరు, ఇసుక నేలల్లో గడ్డి పెంపకం, వెల్డింగ్, వంతెనల డిజైను, తొందరగా అరబ్బీ నేర్పే పుస్తకం. క్లినిక్ డాక్టరొకాయన వెళుతూ తన వైద్యం పుస్తకాలన్నీ ఒక ర్యాక్ నిండా సర్ది పోయాడు. అరబ్బీ పుస్తకం అట్ట ఊడేదాకా చేతులు మారింది గానీ, ఆ ర్యాక్ జోలికి ఎవరూ వెళ్లేవారు కాదు.

ఒక శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక పంప్‌హౌస్ ఆపరేటర్ వచ్చాడు. కడప జిల్లా మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. చేతిలో నాలుగు మడతలు పెట్టిన ల్యాబ్ రిపోర్టు.

"కిడ్నీలంట సార్. డాక్టరు హిందీలో గబగబా ఏందో చెప్పి, పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చినాడు. సగమే అర్థమయింది. మీ పుస్తకాల్లో ఈ రోగం ఉంటాదా?"

ఉంది. లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తీసి, రిపోర్టులోని అంకెను అందులోని పట్టికతో పోల్చాను. ఆయన స్టూలు నా పక్కకు జరుపుకుని కూర్చున్నాడు. నేను ఒక్కో వాక్యం తెలుగులో చెబుతున్నాను. ఉప్పు తగ్గించాలి. నొప్పి మాత్రలు మింగకూడదు. ప్రతిదానికీ బుద్ధిగా తలూపాడు.

ఆ తర్వాత రెండు వాక్యాలున్నాయి. ఈ దశకు వచ్చిన కిడ్నీలు మళ్లీ బాగుపడవు. ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు.

సరిగ్గా అప్పుడే ఆయన అన్నాడు: "పెద్దాసుపత్రికి పోతే అన్‌ఫిట్ అని పనిలోంచి తీసి ఇంటికి పంపించేస్తారేమో సార్. రంజాన్ అయినాక నాకు సెలవుండాది. ఇంక నాలుగు నెలలే. మా ఊర్లోనే చూపించుకుంటే కాదా?"

ఆయన ముఖం చూసి ఆ రెండు వాక్యాలూ దాటేశాను. పేజీ తిప్పేశాను.

"గంత భయపడేదేం లేదే అన్నా. జాగ్రత్తగుంటే ఏం గాదు," అన్నాను.

ఆయన నా మాట తు.చ. తప్పలేదు. మెస్‌లో అందరూ బిర్యానీ తింటుంటే ఉప్పులేని అన్నంలో పెరుగు కలుపుకునేవాడు. నేను కనబడితే దూరం నుంచే చెయ్యెత్తేవాడు. పాదాలు వాచి చెప్పులు పట్టడం మానేశాక కూడా డ్యూటీకి వెళ్లాడు. నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను.

మూడో నెలలో పంప్‌హౌస్‌లో పడిపోయాడు.

నేను ఆసుపత్రికి వెళ్లేసరికి ఆయనకు డయాలసిస్ నడుస్తోంది. పక్క మంచం మీది బంగ్లాదేశీకి నన్ను చూపించి, "పఢా లిఖా ఆద్మీ," అంటున్నాడు. నేను చదువుకున్న మనిషినట. అది విన్నాక దాచుకోలేకపోయాను.

"అన్నా, ఆ దినం పుస్తకంల రెండు మాటలు నీకు చెప్పలే నేను."

అవేమిటో చెప్పాను.

"అప్పుడే చెప్పింటే పెద్దాసుపత్రికి పోయింటానేమో సార్. పోకుండా ఉండింటానేమో కూడా. కానీ అది నేను తేల్చుకోవాల్సింది కదా?"

కోపంగా అనలేదు. అందుకే ఈ రోజుకీ ఆ మాట నన్ను వదలదు.

వీల్‌చెయిర్‌లో విమానం ఎక్కించారు. నలభై రోజులు తిరక్కుండానే ఆయన తమ్ముడు ఫోన్ చేశాడు. ఖననం కూడా అయిపోయిందట.

"ఆడ మా అన్నకు పుస్తకం చదివి చెప్పింది మీరేనంట కదా సార్. మీ మేలు మర్చిపోము."

జరిగింది ఆయన ఇంట్లో చెప్పలేదన్నమాట. నేనూ చెప్పలేదు. "ఊ" అని మాత్రం అన్నాను.